రంగు తీసేస్తే సముద్రం ఎలా ఉంటుంది?

సముద్రం ఏ రంగులో ఉంటుందని తరగతిలో అడిగితే చాలామంది నీలం అంటారు. పోర్ట్ బ్లెయిర్ నుంచి వచ్చిన పిల్లలు కాస్త ఆలోచించి ఆకుపచ్చ కూడా అంటారు. భావనగర్ వైపు నుంచి వచ్చినవాళ్ళు బురద రంగు అంటారు. ముగ్గురూ చెప్పేది నిజమే. మనలాంటి బడుల్లో ఉన్న సౌకర్యం ఇదే. ఒక్క బెంచీ మీద మూడు సముద్రాలు కూర్చుంటాయి. ఇప్పుడు ఇంకో ప్రశ్న. ఆ మూడింటి నుంచీ రంగు తీసేస్తే ఏం మిగులుతుంది?

నలుపు తెలుపు ఫిల్ము మీద సముద్రతీరాన్ని ఫోటో తీసేవాళ్ళు వేసుకునే ప్రశ్న అది. ఈ పాఠం వాళ్ళ పని గురించి. ఇది సైన్సు పాఠమా, తెలుగు పాఠమా అని సందేహం వస్తే రెండూ అనుకోండి. మధ్యలో కొంచెం లెక్కలు కూడా వస్తాయి, భయపడకండి.

ముందు మాట సంగతి చూద్దాం. ఫోటోను మనం ఛాయాచిత్రం అంటాం. ఛాయ అంటే నీడ. చామనఛాయ అన్నప్పుడు అదే మాటకు ఒంటి రంగు అని అర్థం. ఒకే మాటలో నీడా ఉంది, రంగూ ఉంది. రంగును నీడగా మార్చటమే నలుపు తెలుపు ఫోటోగ్రాఫరు చేసే పని కాబట్టి ఈ మాట అతనికి చక్కగా సరిపోతుంది. ఇలాంటి మాటలు మన భాషలో తక్కువేం కాదు. సూర్యుడు రాకముందు వచ్చే వెలుతురును మనం తెల్లవారటం అంటాం. తూర్పు ఎర్రగా ఉన్నా సరే, తెల్లవారిందనే అంటాం. మునిచీకటి, మసక, కారుమబ్బు, వెలిసిన గోడ, నెరిసిన జుట్టు, పాలిపోయిన ముఖం, నిగనిగలాడే నల్లరాయి. ఇవన్నీ రంగు కంటే ముందు వెలుతురు ఎంత ఉందో చెప్పే మాటలు. ఒక కాగితం తీసుకుని ఇలాంటివి ఎన్ని గుర్తొస్తే అన్ని రాయండి. ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో అడిగితే ఇంకో పది దొరుకుతాయి. తర్వాత పని ఉంది, ఆ కాగితం దాచుకోండి.

ఇక సైన్సు. పదో తరగతి పుస్తకం మొదటి పాఠంలోనే సిల్వర్ క్లోరైడును ఎండలో పెడితే బూడిద రంగుకు మారుతుందని ఉంటుంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా చదివి వదిలేస్తాం గానీ ఫోటోగ్రఫీ పుట్టింది అక్కడే. 1830లలో ఇంగ్లండులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ మంచి రాత కాగితాన్ని ఉప్పునీళ్ళలో తడిపి ఆరబెట్టి, దాని మీద సిల్వర్ నైట్రేట్ పూసేవారు. వంటింట్లో వాడే మామూలు ఉప్పే అది. ఉప్పులోని క్లోరైడు వెండితో కలిసి సిల్వర్ క్లోరైడు అయ్యేది. దాని మీద ఆకు పెట్టి ఎండలో ఉంచితే ఆకు ఉన్నచోట తెల్లగా, మిగతా అంతా నల్లగా బొమ్మ పడేది. మన తీరంలో మడుల్లో ఎండబెట్టే ఉప్పు, నగల్లో ఉండే వెండి, పైన సూర్యుడు. మొదటి ఛాయాచిత్రాలకు కావలసిన ముఖ్యమైన సరుకు ఇంతే.

చిక్కల్లా ఆ బొమ్మ నిలబడకపోవటంతో వచ్చింది. చూడటానికి వెలుతురులోకి తెస్తే మిగిలిన తెల్లభాగం కూడా నల్లబడేది. దీనికి మందు ఇచ్చినవారు జాన్ హెర్షెల్. మనం హైపో అని పిలిచే రసాయనం వెండి లవణాలను కరిగిస్తుందని ఆయన 1819లోనే కనిపెట్టారు. 1839లో దాన్ని ఫోటోలకు వాడవచ్చని చెప్పారు. నెగటివ్, పాజిటివ్ అనే మాటల్ని ఈ పనిలోకి తెచ్చింది కూడా ఆయనే.

తర్వాత వచ్చిన ఫిల్ము ఇదే సూత్రానికి బాగుపడిన రూపం. పలచటి ప్లాస్టిక్ పట్టీ మీద జెలటిన్ పూత, ఆ పూతలో ఇసుక కంటే ఎన్నో రెట్లు సన్నగా ఉండే వెండి లవణాల రేణువులు. కెమెరా కన్ను రెప్పపాటు తెరుచుకుంటే వెలుతురు తగిలిన రేణువులు మారతాయి. మార్పు కంటికి కనపడదు. డెవలపర్ అనే ద్రావణంలో ముంచినప్పుడే అవి నల్లటి వెండిగా బయటపడతాయి. ఫిల్ము మీద నలుపు అంటే నిజంగా వెండే. కడియంగా ఉన్నప్పుడు మెరిసే వెండి అంత సన్నటి రూపంలో నల్లగా కనిపిస్తుంది.

ఈ ఫిల్మును మన దేశంలోనూ తయారుచేశాం. 1960లో కేంద్ర ప్రభుత్వ సంస్థగా ఊటీలో హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఏర్పడింది. అది తెచ్చిన సరుకు పేరు ఇందు. ఇందు అంటే చంద్రుడు. నలుపు తెలుపు ఫిల్ముకు అంతకంటే మంచి పేరు దొరకదేమో. ఆ కర్మాగారం ఇప్పుడు మూతపడింది. మీ తాతగారి ట్రంకుపెట్టెలో పాత నెగటివులు ఉంటే ఆ కవర్ల మీద ఈ పేరు ఉందేమో చూడండి.

ఇప్పుడు తీరానికి వెళ్దాం. పాతకాలం సముద్రపు ఫోటోలు చూస్తే ఒక వింత కనపడుతుంది. వాటిలో చాలావరకు ఆకాశం ఉత్త తెల్లకాగితంలా ఉంటుంది, ఒక్క మబ్బు కూడా కనపడదు. ఆ రోజుల్లో మబ్బులు లేక కాదు. అప్పటి రసాయనాలకు నీలం రంగు మీద మక్కువ ఎక్కువ, ఎరుపు అసలు కనపడదు. సముద్రానికి సరిపడా వెలుతురు ఇచ్చేసరికి నీలాకాశం పొంగిపోయి తెల్లబడేది. ఆకాశానికి సరిపడా ఇస్తే నేల చీకటయ్యేది.

ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే ఈ చిక్కును తనదైన దారిలో విప్పారు. 1856, 57 సంవత్సరాల్లో ఆయన తీసిన సముద్రపు ఫోటోలు అప్పట్లో జనాన్ని ఆశ్చర్యపరిచాయి. 1857లో సెత్ అనే ఊళ్ళో తీసిన పెద్ద అల వాటిలో ఒకటి. అందులో అలా ఉంది, మబ్బులూ ఉన్నాయి. కిటుకు ఏమిటంటే అవి రెండు వేర్వేరు నెగటివులు. ఒకటి సముద్రానిది, ఇంకొకటి ఆకాశానిది. రెండింటినీ నీరూ నింగీ కలిసే గీత దగ్గర అతికి ఒకే కాగితం మీద ముద్రించారు. అప్పటి గాజు పలకలను తడి ఆరకముందే వాడాలి, తడి ఆరకముందే కడగాలి. అంటే చీకటి గుడారం కూడా ఒడ్డునే ఉండాలి. ఇసుకలో గుడారం వేసుకుని, గాలిలో గాజు పలకల మీద ద్రావణం పోస్తూ ఆ అల కోసం కాచుకోవటం ఎలా ఉంటుందో ఊహించండి.

మనవైపు కూడా ఇలాంటి మనిషి ఉన్నారు. లినియస్ ట్రైప్ సైన్యంలో అధికారి. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీకి అధికారిక ఫోటోగ్రాఫరయ్యారు. ఉద్యోగం ఎక్కడికి పంపితే అక్కడికి పెట్టెలు మోసుకెళ్ళినవారు, మన అమ్మానాన్నల్లాగే. బర్మాలోనూ, మదురై, తంజావూరు లాంటి ఊళ్ళలోనూ తీశారు. ఆయన వాడింది కాగితపు నెగటివులు. ఆకాశం ఖాళీగా వచ్చినప్పుడు ఆ నెగటివుల మీద రంగుతో మబ్బులు దిద్దేవారు.

ఈ రెండు సంగతులు చెప్పగానే తరగతిలో గొడవ మొదలవుతుంది. అది మోసం కదా అని కొందరు అంటారు. కంటికి మబ్బులు కనపడ్డాయి కదా, రసాయనం చూడలేకపోతే మనిషి చూపించాడు అని ఇంకొందరు. మా ఓటు రెండోవాళ్ళకే, కాకపోతే ఒక షరతు ఉంది. అతికిన సంగతి దాచకూడదు. మీరూ ఇంట్లో వాదించుకోండి. 1873లో జర్మనీలో హెర్మాన్ ఫోగెల్ కొన్ని అద్దకపు రంగులు కలిపితే పూత మిగతా వర్ణాలనూ చూడగలదని కనిపెట్టాక ఈ అవసరం మెల్లగా తగ్గింది. ఇప్పుడు మామూలుగా దొరికే ఫిల్ము అన్ని రంగులనూ చూస్తుంది. చూసి, అన్నిటినీ బూడిద చేస్తుంది.

అసలైన ఆట ఇక్కడ మొదలవుతుంది. విశాఖపట్నం నుంచి భీమిలి వెళ్ళే సముద్రపు రోడ్డులో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ వాటిని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. గాలీ సముద్రమూ తెచ్చిపోసిన ఇసుకకు ఐరన్ ఆక్సైడు పట్టి ఎర్రబడ్డ దిబ్బలవి. వానలు వాటిని కోసి లోతైన గండ్లు చేశాయి. ఎన్నో తెలుగు సినిమా పాటల్లో చూసే ఉంటారు. ఆ చోటు పేరులోనే ఎరుపు ఉంది. మరి నలుపు తెలుపు ఫిల్ముతో అక్కడికి వెళ్తే ఏమవుతుంది?

ఏ జాగ్రత్తా లేకుండా తీస్తే నిరాశే మిగులుతుంది. దిబ్బ ఎర్రగా, ఆకాశం నీలంగా కంటికి కొట్టొచ్చినట్టు వేరుగా ఉన్నా, ఫిల్ము మీద రెండూ దాదాపు ఒకే బూడిద రంగులోకి దిగి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. దిబ్బ ఎక్కడ అయిపోయిందో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియదు. ఇప్పుడు కెమెరా కంటికి ఎర్ర గాజు తొడగండి. ఎర్ర గాజు ఎర్ర వెలుతురును రానిస్తుంది, నీలాన్ని ఆపుతుంది. దిబ్బ వెన్నెల్లో తడిసినట్టు తెల్లబడుతుంది, ఆకాశం కారుమబ్బు పట్టినట్టు నల్లబడుతుంది. ఎర్ర గాజు తీసి నీలం గాజు పెడితే అంతా తిరగబడుతుంది. దిబ్బ బొగ్గులా, ఆకాశం సున్నం వేసిన గోడలా వస్తాయి. చోటు అదే, గంట అదే, తీసే మనిషీ అదే. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే రెండు వేరే దేశాలంటారు.

దీన్ని నమ్మటానికి విశాఖ వెళ్ళక్కరలేదు. మిఠాయి పొట్లానికి చుట్టే ఎర్ర జిలుగు కాగితాన్ని కంటికి అడ్డం పెట్టుకుని ప్రార్థన సమయంలో వరసల వైపు చూడండి. ఎర్ర రిబ్బన్లు, ఎర్ర ఇటుకలు తేలికపడతాయి, నీలం బట్టలు నల్లబడతాయి. సార్ పిలిస్తే మాత్రం కాగితం జేబులో పెట్టేయండి.

ఎర్ర గాజుకు ఒక ఖర్చుంది. అది వెలుతురులో ఎక్కువ భాగాన్ని మింగేస్తుంది, మూడు మెట్లు తగ్గిస్తుంది. ఫోటోగ్రఫీలో మెట్టు అంటే రెట్టింపు లేదా సగం. మూడు మెట్లంటే రెండు రెళ్ళు నాలుగు, నాలుగు రెళ్ళు ఎనిమిది, అంటే ఎనిమిదో వంతు వెలుతురే లోపలికి వస్తుంది. మంచి ఎండలో 100 వేగం ఉన్న ఫిల్ముకు ఎఫ్ 16 దగ్గర సుమారు 1/125 సెకను చాలు. ఎర్ర గాజు పెడితే కెమెరా కన్ను ఎఫ్ 11, ఎఫ్ 8 దాటి ఎఫ్ 5.6 దాకా తెరవాలి. పసుపు గాజుకు ఒక్క మెట్టు సరిపోతుంది. మొదటిసారి నేర్చుకునేవాళ్ళు పసుపుతో మొదలుపెట్టటం మేలు. మబ్బులు చక్కగా విడివడతాయి, ఆకాశం మరీ నాటకంలా ఉండదు. ఎర్ర గాజు ఉప్పు లాంటిది, కొంచెం ఎక్కువైతే అదే తెలుస్తుంది. పెద్ద పేరున్న ఫోటోల్లో కూడా కొన్నిచోట్ల అది ఎక్కువైందని మాకు అనిపిస్తుంటుంది.

తీరంలో పిల్లల్ని తికమకపెట్టే ఇంకో సంగతి నురగ. కెమెరాలో వెలుతురు కొలిచే మీటరుకు తను చూస్తున్నది ఏమిటో తెలియదు. నురగ చూపించినా, నల్లరాయి చూపించినా అది ఒక నడిమి బూడిద అనుకుని లెక్క చెబుతుంది. దాని మాట వింటే తెల్లటి ఇసుక, నురగ రెండూ మురికిగా వస్తాయి. అందుకే నురగ నిండిన దృశ్యానికి మీటరు చెప్పినదానికంటే ఒకటి, రెండు మెట్లు ఎక్కువ ఇవ్వాలి. నల్లరాతికి తగ్గించాలి. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి దీనికి ఒక పద్ధతి తయారుచేశారు. కారునలుపు నుంచి ఉత్త తెలుపు దాకా సున్నా నుంచి పది వరకు పదకొండు మెట్లు గీసి, దృశ్యంలో ఏది ఏ మెట్టు మీద కూర్చోవాలో మీట నొక్కకముందే నిర్ణయించుకోవటం. ఇందాక రాసిపెట్టుకున్న కాగితం తీయండి. మీ మాటల్ని సున్నా నుంచి పది దాకా సర్దండి. కారుచీకటి సున్నా అయితే నురగ తొమ్మిదా, పదా? మునిచీకటి ఎన్నో మెట్టు? తడిసిన ఇసుక ఎక్కడ? పొడి ఇసుక కంటే తడి ఇసుక కింది మెట్టులో ఉంటుంది. కానీ అలా వెనక్కి పోయిన వెంటనే వంగి చూస్తే అదే తడి ఇసుక అద్దమై ఆకాశాన్ని చూపిస్తుంది, ఒక్కసారిగా పైమెట్టుకు ఎక్కుతుంది. నిలబడి చూస్తే ఒకటి, వంగి చూస్తే ఒకటి.

ఏ ఒడ్డున ఉన్నారన్నది కూడా ముఖ్యం. తూర్పు తీరంలో సూర్యుడు నీళ్ళలోంచి లేస్తాడు. పొద్దున సముద్రం వైపు తిరిగితే వెలుతురు మీ ముఖాన పడుతుంది. పడవలు, తెప్పలు, సరుగుడు చెట్లు అన్నీ నల్లటి ఆకారాలుగా నిలబడతాయి, అల అంచు మాత్రం వెండి తీగలా మెరుస్తుంది. సాయంత్రం వెలుతురు మీ వీపు వెనకనుంచి వస్తుంది. విశాఖలో అయితే కొండల నీడ ముందే ఒడ్డు మీద పడిపోతుంది. గోవా, కొచ్చి వైపు ఇదంతా తారుమారు. ఒక తీరం నుంచి ఇంకో తీరానికి బదిలీ అయిన పిల్లలకు మొదటి నెలలో సూర్యుడు తప్పుడు వైపు మునుగుతున్నట్టు అనిపిస్తుంది. మాకూ అనిపించింది.

సముద్రం కదులుతుంది. ఫోటో కదలదు. ఈ రెండింటి మధ్య ఏం చేయాలన్నది తీసేవారి ఇష్టం. 1/500 సెకనులో తీస్తే అల గాలిలో రాయిలా ఆగిపోతుంది. పది సెకన్లు కన్ను తెరిచి ఉంచితే అలలన్నీ ఒకదానిమీద ఒకటి పడి పొగమంచులా పరుచుకుంటాయి, మధ్యలో బండరాళ్ళు మాత్రం కదలకుండా నిలబడతాయి. పట్టపగలు పది సెకన్లు ఎలా అంటే, నల్లటి గాజు ఒకటి ఉంది. అది పది మెట్లు తగ్గిస్తుంది. రెండును పదిసార్లు హెచ్చిస్తే 1024. ఇందాకటి 1/125 సెకను దాంతో సుమారు 8 సెకన్లవుతుంది. లెక్క ఇక్కడితో అయిపోదు. ఎక్కువసేపు వెలుతురు చూస్తే ఫిల్ము కూడా అలసిపోతుంది, చురుకు తగ్గుతుంది. మీటరు 10 సెకన్లు అంటే కొన్ని ఫిల్ములకు 20 సెకన్ల దాకా ఇవ్వాల్సి వస్తుంది. మంచి కంపెనీలు ఆ పట్టికను ఫిల్ముతోపాటు ఇస్తాయి.

జపాన్‌కు చెందిన హిరోషి సుగిమోటో 1980 నుంచి ప్రపంచంలోని ఎన్నో సముద్రాలను ఒకే తీరులో తీస్తూ వచ్చారు. సగం నీరు, సగం ఆకాశం, మధ్యలో గీత. పడవ లేదు, ఒడ్డు లేదు, మనిషి లేడు. మొదట చూసినప్పుడు ఇందులో ఏముంది అనిపిస్తుంది. పది చూశాక ఒక సముద్రం ఇంకోదానిలా లేదని తెలుస్తుంది. దీనికి పూర్తిగా ఎదురుగా ఆడమ్స్ 1940లో కాలిఫోర్నియా తీరంలో ఒక కొండ అంచున నిలబడి, కింద ఇసుక మీదికి వచ్చిపోయే అలను అయిదు ఫోటోలుగా తీశారు. వాటిలో ఆకాశమే లేదు. ఆయన నిలబడ్డ చోటు మారలేదు, నురగ గీసే ముగ్గే మారుతూ పోయింది. మా ఓటు అడిగితే పిల్లలు మొదట అనుసరించాల్సింది ఆడమ్స్‌నే. నిలబడి కింద చూడటం ఎవరైనా చేయగలరు.

ఫిల్ము చుట్టలో 36 ఫోటోలే ఉంటాయి. ఇళ్ళలో అటకల మీద అప్పుడప్పుడు కనపడే పాత ఆగ్ఫా క్లిక్ లాంటి పెట్టె కెమెరాలో అయితే పన్నెండే. ఫిల్ము ఇప్పుడు చవక కాదు, అన్ని ఊళ్ళలో దొరకదు కూడా. ఫోనులో నలుపు తెలుపు పెట్టుకుని నేర్చుకున్నా మెట్ల లెక్క, వెలుతురు దిక్కు ఇవే. ఒక్క నియమం మాత్రం పెట్టుకోండి. సముద్రం దగ్గర ఒక సాయంత్రానికి పన్నెండే, చెరిపేయటం లేదు. తేడా ఎంతో మీకే తెలుస్తుంది.

ఫిల్ము కడగటం గురించి రెండు ముక్కలు. పుస్తకాల్లో డెవలపర్ 20 డిగ్రీల దగ్గర ఉండాలని రాస్తారు. మన తీరప్రాంతాల్లో మే నెల కుళాయి నీళ్ళు 30 దాటి ఉంటాయి. వేడికి జెలటిన్ మెత్తబడుతుంది, బొమ్మ త్వరగా నల్లబడి మోటుగా వస్తుంది. ప్లాస్టిక్ సంచిలో ఐసు ముక్కలు వేసి ద్రావణం ఉన్న సీసా పక్కన నీళ్ళలో ఉంచటమే ఉపాయం, ఐసును నేరుగా ద్రావణంలో వేయకూడదు. పెద్దవాళ్ళు పక్కన లేకుండా ఈ రసాయనాలు ముట్టుకోకండి. కెమెరా మీద ఉప్పు తుంపర పడితే ముందు మెత్తటి కుంచెతో ఇసుక దులపాలి, తర్వాతే తుడవాలి. లేకపోతే ఆ ఇసుక రేణువే కంటి గాజును గీస్తుంది. వానాకాలంలో కటకానికి బూజు పడుతుంది. సిలికా జెల్ పొట్లాలు పారేయకుండా కెమెరా డబ్బాలో వేసుకోండి.

ఒడ్డున అలివి వల లాగేవాళ్ళు కనపడతారు. మసక వెలుతురులో వరసగా వెనక్కి వాలి తాడు లాగుతుంటే ఎవరికైనా కెమెరా ఎత్తాలనిపిస్తుంది. ముందు వెళ్ళి, బాబాయ్, ఒక ఫోటో తీసుకోమంటారా అని అడగండి. వద్దంటే వద్దే. సరే అంటే తర్వాత ఒక ప్రతి తెచ్చి ఇవ్వండి. నౌకాదళం, ఓడరేవు ఉన్నచోట బోర్డులు చదవండి. నిషేధం ఉన్నచోట కెమెరా సంచిలోంచి బయటికే రాకూడదు. ఈ మాట మనలో చాలామంది ఇళ్ళలో చెప్పక్కరలేదనుకోండి.

ఇక ఈ పాఠం ఎందుకు రాస్తున్నామో ఆ సంగతి. తీరాలు మారిపోతున్నాయి. 1964 డిసెంబరు 22, 23 తేదీల మధ్య రాత్రి వచ్చిన తుఫానుకు రామేశ్వరం ద్వీపం చివరనున్న ధనుష్కోడి ఊరు పోయింది. ఇప్పుడు అక్కడ చర్చి గోడలు, స్టేషను మొండిగోడలు ఇసుకలో నిలబడి ఉన్నాయి. అది ఒక్క రాత్రిలో జరిగింది. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఏళ్ళ తరబడి జరుగుతోంది. చీరలకు పేరున్న ఊరది. అక్కడ సముద్రం ఒడ్డును కోస్తూనే ఉంది. ఇళ్ళు పోయాయి, కాకినాడ నుంచి వచ్చే తీరం రోడ్డు మళ్ళీమళ్ళీ దెబ్బతింది. దీన్ని మనం కోత అంటాం. పొలంలో వరికీ ఇదే మాట. ఒక కోతకు ఇంటికి గింజ వస్తుంది, ఇంకో కోతకు ఇల్లే పోతుంది.

రోజూ అక్కడే ఉండేవాళ్ళకు మార్పు కళ్ళ ముందు కొంచెం కొంచెంగా జరుగుతుంది. మనలాంటివాళ్ళం మూడేళ్ళు ఉండి టీసీ తీసుకుని వెళ్ళిపోతాం. మనం చూసిన ఒడ్డు ఎలా ఉండేదో తర్వాత మన మాట తప్ప ఆధారం ఉండదు. దీనికి ఒక పద్ధతి ఉంది. శాస్త్రవేత్తలు హిమానీనదాలకూ తీరాలకూ వాడే పద్ధతే అది. ఒకే చోటు నుంచి, ఒకే దిక్కుకు, ఒకే కటకంతో, ఏళ్ళ తరబడి ఫోటో తీయటం. చోటు ఇసుకలో ఎంచుకోకూడదు, అది రేపు ఉండదు. కల్వర్టు మూల, దీపస్తంభం, మెట్ల పైవరస లాంటివి కావాలి. ఆటుపోట్ల సంగతి రాయటం మరిచిపోకూడదు. నీరు ఎక్కేది పోటు, దిగేది ఆటు. ఒక పోటుకూ తర్వాతి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. కాబట్టి రోజూ ఒకే గంటకు వెళ్తే ఒకే సముద్రం కనపడదు. పోటులో తీసిన ఫోటో పక్కన ఆటులో తీసింది పెడితే ఒడ్డు పెరిగిందనుకుంటారు. ఇంకొకటి, రుతువుల్ని బట్టి ఇసుక వెళ్తుంది, వస్తుంది. ఒక్క ఏడాది చూసి సముద్రం మింగేస్తోందని రాయకూడదు.

మేము పనిచేసిన ఒక తీరపట్టణంలో పిల్లలు ఇలాంటి నోటుబుక్కు ఒకటి నడిపారు. ఒడ్డు గోడకు దిగే మెట్ల పక్కనున్న దీపస్తంభం దగ్గర నిలబడి, నెలకొక నలుపు తెలుపు ఫోటో, కింద ఒక వరస. మొదలుపెట్టిన అబ్బాయి ఏడాదిన్నరకు జోధ్‌పూర్ వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు నోటుబుక్కు ఇంకొకరి చేతిలో పెట్టాడు. ఆమె కూడా వెళ్ళిపోయింది. ఇప్పటికి అందులో నాలుగు చేతిరాతలున్నాయి. నాలుగో అమ్మాయి మొదటి అబ్బాయిని ఎప్పుడూ చూడలేదు, కానీ అతను నిలబడ్డ చోటు ఆమెకు తెలుసు. ఎందుకంటే మొదటి పేజీలో అతను స్తంభం నుంచి తన మడమ దాకా ఎన్ని జానలో కొలిచి రాసి, పెద్దయ్యాక జాన మారుతుందని ఎవరో చెప్పగా కొట్టేసి, స్కేలుతో కొలిచి మళ్ళీ రాశాడు.

ఆ అమ్మాయి మొన్న పంపిన ఫోటో వెనక ఇలా రాసి ఉంది: మెట్లు ఏడు కనపడుతున్నాయి. పోయిన ఏడాది ఇదే నెలలో అయిదు. ఇసుక దిగింది. నీరు ఆటులో ఉంది, పసుపు గాజు, ఎఫ్ 11, 1/125. వానాకాలం అయ్యాక మళ్ళీ లెక్కపెట్టాలి. మేము అప్పటికి ఉండం, తర్వాతివాళ్ళకు చెప్పాను.